పాటలు పాడే ఎలుగుబంటిని ఉతకొచ్చా?

గుణుపురం నుంచి ఒక తల్లి అడిగారు. మూడేళ్ళ బాబుకి జ్వరం వచ్చి, రాత్రి పక్కలో పెట్టుకున్న ఎలుగుబంటి బొమ్మ మీదే వాంతి చేసుకున్నాడట. పొట్ట నొక్కితే పాటలు పాడే బొమ్మ అది. తడిగుడ్డతో ఎంత తుడిచినా వాసన పోవడం లేదు. తోటికోడలు వాషింగ్ మెషిన్‌లో వేసేయమంది, అత్తగారు పారేయమన్నారు. వాడేమో అది లేనిదే కళ్ళు మూయడం లేదు. ఏం చెయ్యాలన్నది ప్రశ్న.

అమ్మా, ఇది చదవడం ఆపి ముందు వెళ్ళి బొమ్మలో సెల్లులు తీసేసి రండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

తీశారు కదా. బొమ్మ బతికే అవకాశాల్లో సగం ఆ ఒక్క పనితో వచ్చేసినట్టే. ఎందుకంటే ఈ బొమ్మల్ని చంపేది మురికి కాదు, ఒట్టి నీళ్ళూ కాదు. నీళ్ళూ కరెంటూ ఒకేసారి ఉండడం. బోర్డు మీద వెంట్రుకంత సన్నటి రాగి గీతలు ఉంటాయి. ఒట్టి తడి అయితే ఆరిపోతుంది, గీతలకి ఏమీ కాదు. సెల్లు ఉండగా తడిస్తే మాత్రం కరెంటు ఆ తడిలోంచి పారి, ఒక గీత నుంచి రాగిని కరిగించి లాగేస్తుంది. రెండు రోజులు పోయాక విప్పి చూస్తే పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. వాంతిలోనూ, ఉచ్చలోనూ, సాంబారులోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి మంచినీళ్ళ కంటే అవి ఇంకా తొందరగా తినేస్తాయి. స్విచ్చి ఆఫ్‌లో ఉంది కదా అనుకోకండి. నొక్కితే పాడే బొమ్మలు చాలావాటికి అసలైన ఆఫ్ ఉండదు. లోపల చిప్పు కునుకు తీస్తూ, ఎప్పుడు నొక్కుతారా అని కాచుకుని ఉంటుంది.

నాది పర్లాకిమిడి బజారులో చిన్న రిపేరు కొట్టు. ఇరవై ఆరేళ్ళ కిందట రేడియోలతో మొదలుపెట్టాను. ఇప్పుడు రేడియో తెచ్చేవాళ్ళు లేరు. మిక్సీలు, ఎమర్జెన్సీ లైట్లు, వాటితో పాటు పిల్లల బొమ్మలు. అటు పాతపట్నం నుంచి, ఇటు కాశీనగరం నుంచి కూడా తెస్తారు. బోర్డు నా పని, కుట్టు మా ఆవిడ పని. కింద కుట్టు గురించి రాసిందంతా ఆవిడ చెప్పిందే.

మెషిన్ ఎందుకు వద్దంటున్నానో ఒక్క సంగతి చెబుతాను. మూడేళ్ళ కిందట ఒకాయన మొరిగే కుక్కపిల్ల బొమ్మని సంచిలో చుట్టి తెచ్చారు. ఇంట్లో వాళ్ళు దాన్ని సెల్లులతో సహా మెషిన్‌లో ఉతికి, డాబా మీద దండేనికి చెవులు పట్టి ఆరేశారట. అర్ధరాత్రి అది మొరగడం మొదలుపెట్టింది. వీధిలో ఉన్న నిజం కుక్కలన్నీ జవాబిచ్చాయి. ఇంట్లో పెద్దావిడ లేచి, బొమ్మకి ఏదో పట్టిందని మిరపకాయలతో దిష్టి తీశారు. ఏం పట్టలేదు, పాదంలో ఉన్న స్విచ్చిలోకి సబ్బునీళ్ళు పోయి, ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు అవుతోంది. విప్పితే స్పీకరు కాగితం గంజి పెట్టిన గుడ్డలా ముడుచుకుపోయి ఉంది. స్పీకరు మార్చాను. మొరుగుతోంది కానీ, జలుబు చేసిన గొంతు.

సరే, మీ ఎలుగుబంటి సంగతి. ముందు చేత్తో తడిమి చూడండి. వీపు వెనకాల వెల్క్రో పట్టీ గానీ జిప్పు గానీ ఉండి, లోపల పెట్టె మొత్తం బయటికి వచ్చేస్తే మీ అదృష్టం. పెట్టె తీసేసి, ఒట్టి గుడ్డబొమ్మని చేత్తో ఉతుక్కోవచ్చు. సెల్లుల మూత ఒక్కటే కనిపిస్తూ, పెట్టె లోపల కుట్టేసి ఉంటే అది రెండో రకం. కాళ్ళూ చేతులూ మెడా అన్నిట్లోకీ వైర్లు పోయి, లోపల మోటారు, పళ్ళచక్రాలు కూడా ఉండి నడిచేదీ తల ఊపేదీ మూడో రకం. దాన్ని విప్పకండి, పైపైన శుభ్రం చేసుకోవాలి. లేబుల్ మీద నీళ్ళ తొట్టి గుర్తుకి అడ్డంగా గీతలు కొట్టి ఉంటే నీళ్ళలో ముంచవద్దని అర్థం. అయితే అది బొమ్మ మొత్తానికి చెప్పిన మాట. లోపలి పెట్టె వేరు చేశాక, పై తోలుని, అంటే బొచ్చుగుడ్డని, చేత్తో నెమ్మదిగా ఉతికితే ఏమీ కాలేదు నాకు ఇంతవరకూ.

మీరు చెప్పినదాన్నిబట్టి మీది రెండో రకం అనుకుంటున్నాను. వాంతి పైన పడి ఊరుకోదు, లోపల దూదిలోకి దిగుతుంది. అందుకే తుడిచినా వాసన పోవడం లేదు. విప్పక తప్పదు. భయపడకండి, అరగంట పని.

ఫ్యాక్టరీలో బొమ్మని లోపలి వైపు నుంచి మెషిన్ మీద కుట్టి, తిరగేసి, దూది నింపాక ఒక్కచోట మాత్రం చేత్తో మూస్తారు. ఆ చేతికుట్టు ఎక్కువగా వీపు కింద, తోకకి పైన, రెండు మూడు అంగుళాల మేర ఉంటుంది. బొచ్చు విడదీసి వేలితో రాస్తే మెషిన్ కుట్టు సమంగా తగులుతుంది, చేతికుట్టు కొంచెం ఎగుడుదిగుడుగా తగులుతుంది. విప్పాల్సింది అక్కడే. బ్లేడు వాడకండి, బొచ్చు తెగుతుంది. గోళ్ళ కత్తెరతో ఒక్కో దారం ఎత్తి కత్తిరించండి. ముందు బొమ్మని వంటింటి తూకం మీద పెట్టి బరువెంతో రాసుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

దూది కొంచెం కొంచెం బయటికి తీస్తుంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బా చేతికి తగులుతుంది. లాగకండి. దాని నుంచి చేతిలోకో పాదంలోకో సన్నటి వైర్లు పోతుంటాయి. అవి వెంట్రుకల్లాంటివి, ఒక్క గుంజుకి అతుకు ఊడిపోతుంది. ఏది ఎటు పోతోందో ఫోన్‌తో రెండు ఫోటోలు తీసుకోండి. పాదంలో స్విచ్చి చిన్న గుడ్డ సంచిలో ఉంటే, దానితో సహా మెల్లగా వెనక్కి తీయొచ్చు. రాకపోతే బలవంతం వద్దు. డబ్బానీ వైర్లనీ ఒక పాలిథిన్ కవరులో పెట్టి, మూతి దగ్గర రబ్బరు బ్యాండు బిగించి, అది బయటికి వేలాడేలా పట్టుకుని మిగతా తోలు ఉతకండి. కొంచెం అవస్థే కానీ పని అవుతుంది.

తడిసిన దూది దాచుకోకండి, పారేయండి. దిండ్లు అమ్మే కొట్లలో ఫైబర్ దూది అని దొరుకుతుంది, తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. ఇంట్లో ఉంది కదా అని బూరుగు దూది నింపకండి. ఈసారి తడిస్తే ఉండలు కట్టి, ఆరక, ముక్కవాసన పట్టుకుంటుంది.

తోలు ఉతకడానికి చల్లనీళ్ళే. పాలు, వాంతి, గుడ్డు లాంటివి పడ్డప్పుడు వేడినీళ్ళు పోస్తే మరక బొచ్చుకి పట్టుకుని కూర్చుంటుంది. చల్లనీళ్ళతో ఒకసారి జాడించి, అర బకెట్టు నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి అరగంట నానబెట్టండి. వాంతిది పులుపు వాసన, సోడా దాన్ని విరిచేస్తుంది. ఆ నీళ్ళు పారబోసి, పిల్లల బట్టలకి వాడే లిక్విడ్ అర మూత వేసి, అరచేత్తో నొక్కుతూ ఉతకండి. బ్రష్షు పెట్టి తోమొద్దు, బొచ్చు చిక్కుపడి చాపలా అయిపోతుంది. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాలి, వాడు రాత్రి ఆ చెవి నోట్లో పెట్టుకునే పడుకుంటాడు కదా. మా అమ్మ అయితే కుంకుడు నురగ వాడమనేది. మెత్తటిదే, కాదనను. కానీ తెల్లబొమ్మ మీద లేత గోధుమ రంగు దిగుతుంది, మా మనవరాలి కుందేలు అలాగే అయింది. పిండేటప్పుడు మెలి తిప్పకండి. పొడి తువ్వాలులో చుట్టి, మీద అదమండి.

ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ శాతం ఆరబెట్టడంలో తొందరపడ్డవే. ఉతకడం పది నిమిషాలు, ఆరడం రెండు రోజులు అని ముందే మనసులో పెట్టుకోండి. వానాకాలంలో మూడు రోజులు. మన వైపు ఆషాఢంలో రథయాత్ర దగ్గర్నుంచి దసరా దాటేదాకా గాలిలోనే తడి ఉంటుంది, పైకి పొడిగా తగిలిన బొమ్మ లోపల చెమ్మగానే ఉంటుంది. ఉల్లిపాయలు వచ్చే వల సంచి ఒకటి ఖాళీగా ఉంటుంది కదా, తోలుని తిరగేసి అందులో వేసి ఫ్యాను కింద వేలాడదీయండి. సగం ఆరాక బొచ్చుని పసిపిల్లల దువ్వెనతో అది వాలే దిక్కుకే దువ్వండి. ఎండలో నేరుగా వేస్తే రంగు పోతుంది. హెయిర్ డ్రయ్యరు వేడిగాలి పెడితే అంతకంటే ఘోరం. ఆ బొచ్చు పాలిస్టరో యాక్రిలికో, నూలు కాదు. వేడికి కొసలు కరిగి గరుకుగా అయిపోతాయి, మళ్ళీ మెత్తబడవు. చెప్పానే, మా మనవరాలి కుందేలు, కుంకుడు మచ్చ వదిలించాక తొందరపడి డ్రయ్యరు పెట్టింది నేనే. ఒక చెవి ఇప్పటికీ పీచులా ఉంటుంది. ఇన్నేళ్ళు పనిచేసినవాణ్ణి, ఇంట్లో ఎవరికీ సమాధానం చెప్పలేకపోయాను.

బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. ఫ్యాను గాలి కంటే బియ్యం ఎక్కువ చేసేదేమీ లేదు, పైగా దాని పిండి స్విచ్చి సందుల్లో దూరి అంటుకుంటుంది.

మూడో రోజు తోలు, దూది, డబ్బా అన్నీ కలిపి మళ్ళీ తూకం వేయండి. పాత దూదే వాడితే ముందు రాసుకున్న బరువు రావాలి. పది ఇరవై గ్రాములు ఎక్కువ చూపిస్తే ఇంకా నీరుందని లెక్క. మీరు దూది మారుస్తున్నారు కాబట్టి ఒట్టి తోలుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తూచండి. బరువు తగ్గుతూ ఉంటే ఆరుతోంది, నిలిచిపోతే ఆరిపోయింది. చేతికి తెలియని చెమ్మ తక్కెడకి తెలుస్తుంది.

ఈ లోపల డబ్బా సంగతి చూడండి. పైన ప్లాస్టిక్ మీద ఉన్నదంతా తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచేయండి. లోపలికి వాంతి చుక్క కూడా పోలేదనిపిస్తే స్క్రూలు విప్పనక్కర్లేదు. పోయిందనిపిస్తే విప్పండి. చిన్న బోర్డు, దాని మీద నల్ల లక్క కరిగించి వేసినట్టు ఒక బొట్టు కనిపిస్తుంది. పాటలన్నీ ఆ బొట్టు కింద ఉన్న చిప్పులోనే. అది అంత సులువుగా చావదు. చుట్టూ ఉన్న గీతల్ని మెత్తటి పళ్ళబ్రష్షు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రుద్దండి. మొబైల్ రిపేరు కొట్లో ఐపీఏ అని అడిగితే చిన్న సీసా ఇస్తారు. మందుల షాపులో దొరికే చేతుల శానిటైజర్ వద్దు, అందులో జిగురు పదార్థం కలుపుతారు, బోర్డు మీద మిగిలిపోతుంది. స్పీకరు కాగితానికి మాత్రం ఏదీ తగలనివ్వకండి. ఐపీఏ పెట్రోలులా అంటుకుంటుంది, పొయ్యి దగ్గర కాదు, పిల్లాడు పడుకున్నాక వరండాలో.

అన్నీ ఆరాక సెల్లులు వేసి, కుట్టకముందే నొక్కి చూడండి. మా దగ్గరే ఒకటి రెండుసార్లు అందంగా కుట్టేశాక మూగబోయి, మళ్ళీ విప్పాల్సివచ్చింది. పాడితే, డబ్బాని పొట్ట మధ్యలో పెట్టి చుట్టూ దూది సర్దండి. స్పీకరు ముందు దూది పలచగా ఉండాలి, లేకపోతే గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. మూయడానికి మా ఆవిడ చెప్పే కుట్టు: బొచ్చు రంగు దారం రెండు పోగులు. ఒక అంచు మడత లోపల చిన్న కుట్టు, ఎదుటి అంచు మడత లోపల చిన్న కుట్టు, అలా నిచ్చెన మెట్లలా పోవడం. నాలుగైదు మెట్లకి ఒకసారి దారం లాగితే రెండు అంచులూ కలిసి దారం మాయమైపోతుంది. ముడి లోపలికి తోసేయండి. సూది ఎక్కడ పెట్టారో చూసుకోండి, ఇది మాత్రం ఆవిడ మూడుసార్లు చెప్పమంది. కళ్ళూ ముక్కూ కూడా ఒకసారి లాగి చూడండి. ఉతికాక జిగురు వదిలిన ప్లాస్టిక్ కన్ను గొంతులోకి పోయే సైజే.

మూడో రకం బొమ్మలకి, అంటే విప్పడానికి వీల్లేనివాటికి, నీళ్ళు కాదు, నురగ వాడాలి. గిన్నెలో పిల్లల షాంపూ రెండు చుక్కలు వేసి గిలక్కొట్టి, పైన తేలిన నురగ ఒక్కటే తెల్లగుడ్డతో తీసుకుని బొచ్చు కొసల మీద రాయండి. వెంటనే పిండిన గుడ్డతో తుడవండి. వాసన ఒక్కటే బాధ అయితే పొడి పద్ధతి చాలు. సెల్లులు తీసి, పెద్ద కవరులో బొమ్మని వేసి గుప్పెడు వంటసోడా చల్లి బాగా ఊపి, అరగంట ఉంచి, డాబా మీదికెళ్ళి దులిపి బ్రష్షు చేయండి. సెల్లుల మూత మీదా స్విచ్చి సందుల మీదా ముందే టేపు అంటించడం మరవకండి.

మనం అన్న మాట తిరిగి అని డాన్సు చేసే నాగజెముడు బొమ్మ ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ విని అది మూడూ కలిపి మాట్లాడుతుంటుంది. దాని సరంజామా చాలావరకు కింద కుండీలోనే ఉంటుంది, మైకు రంధ్రం కూడా. కాబట్టి ఎప్పుడు తుడిచినా తలకిందులుగా పట్టుకుని తుడవండి, తడి కుండీలోకి దిగకుండా. దానికి అంతకంటే వైద్యం లేదు.

ఉబ్బసం ఉన్న పిల్లలుంటే దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగుల కోసం బొమ్మని డీప్ ఫ్రీజర్లో పెట్టమంటారు. అది పనిచేస్తుంది. సెల్లులు తీసి, గాలి చొరని కవరులో కట్టి ఒక రోజంతా ఉంచండి. అయితే బయటికి తీశాక కవరు వెంటనే విప్పొద్దు. చల్లటి చెంబు మీద చెమట పట్టినట్టు బోర్డు మీద నీళ్ళు పడతాయి. గది వేడికి వచ్చేదాకా అలాగే వదిలేసి, అప్పుడు విప్పి దులపండి. చచ్చిన పురుగుల పొడి కూడా తుమ్ములు తెప్పిస్తుంది, దులపడం మానకూడదు.

డెట్టాల్, బ్లీచింగ్, అత్తరు ఏవీ వద్దు. బీరువాలో పాత బొమ్మలతో కలరా ఉండలు వేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది, అది అసలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండే పిల్లలు కొందరు ఉంటారు, ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వాళ్ళ ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టేస్తుంది. మలేరియా ఎక్కువగా ఉండే మన ఏజెన్సీ వైపు ఈ లోపం కొత్తది కాదు.

సెల్లులు తీసినప్పుడు స్ప్రింగు మీద తెల్లటి సున్నంలాంటి పొడి కనిపించిందా? సెల్లు కారింది. చేతులకి కవరు తొడుక్కోండి. ఆల్కలైన్ అని రాసి ఉన్న సెల్లు అయితే కారేది క్షారం. దూది పుల్లని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచి రాస్తే బుసబుసమని పొంగి వదులుతుంది. చవకరకం మామూలు పెన్సిల్ సెల్లు అయితే కారేది ఆమ్లం వైపుది, దానికి వంటసోడా ముద్ద రాయాలి. ఏది వాడినా తర్వాత తడిగుడ్డతో, ఆపైన ఐపీఏతో తుడిచి, నల్లబడ్డ రేకుని పెన్సిల్ రబ్బరుతో రుద్దండి, మెరుస్తుంది. పాత సెల్లు ఒకటి, కొత్తది ఒకటి కలిపి వేయకండి. నీరసించినదే ముందు కారుతుంది.

చిన్న బొమ్మల్లో వాచీ సెల్లులు ఉంటాయి. ఇవి చూస్తే నాకు నిజంగా భయం. మింగితే అన్నవాహికలో అతుక్కుని, అక్కడి తడిలో కరెంటు పారి క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. రూపాయి బిళ్ళంత ఉండే మూడు వోల్టుల లిథియం సెల్లు అన్నిటికంటే చెడ్డది. అనుమానం వచ్చినా సరే వాంతి చేయించకుండా, ఏమీ తినిపించకుండా 108కి ఫోన్ చేసి ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, రేపు చూద్దాం అనకూడదు. మూతకి స్క్రూ లేని బొమ్మ కొనకండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, కరెంటుతోనో సెల్లుతోనో నడిచే బొమ్మలకి ఐఎస్ 15644 అనే ప్రమాణం ఉంది. తిరునాళ్ళలో గోనె పరిచి అమ్మేవాటి మీద ఆ గుర్తు కోసం వెతికి చూడండి, మీకే తెలుస్తుంది. వాడేసిన సెల్లుకి రెండు వైపులా టేపు చుట్టి పారేయండి.

పారేయమన్న మీ అత్తగారి మాటా ఒక్కోసారి నిజమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పోయాక వరద బురదలో నానిన బొమ్మలు సంచులతో తెచ్చారు జనం. ఒక్కటీ తీసుకోలేదు. మురుగు కలిసిన వరదనీళ్ళు తాగిన దూదిబొమ్మని పసివాడి పక్కలో పెట్టకూడదు. పాడుతుందా లేదా అన్నది కాదు అక్కడ. లోపల బూజు పట్టినదీ, ఛార్జింగు పెట్టే రకం అయితే లోపలి బ్యాటరీ ఉబ్బినదీ కూడా అంతే. మీ ఎలుగుబంటి వాటిల్లోకి రాదు.

వాణ్ణి ఈ రెండు మూడు రోజులు పడుకోబెట్టడం ఎలా అని మీ టెన్షన్ అయి ఉంటుంది. డబ్బాకి తడి తగల్లేదని తేలితే, దాన్ని ఒక పాత మేజోడులో వేసి మూతి కుట్టేసి, మీరు పక్కన ఉన్నంతసేపు చేతికివ్వండి. బొచ్చు లేకపోయినా పాట అదే కదా. అంతా చేశాక కూడా నోరు విప్పకపోతే ఫోటోలతో పాటు ఆ డబ్బా ఒక్కటే పట్టుకుని గుణుపురం పాసింజరులో వచ్చేయండి. ఎలుగుబంటిని మాత్రం వాడి దగ్గరే ఉంచండి.